మొహాలు కుట్టే చిన్నకోడలు

ఆ ఇంట్లో ఎలుగుబంట్లకు ఒళ్ళు కుట్టేది పెద్దకోడలు, మొహాలు కుట్టేది చిన్నకోడలు. అన్నదమ్ములిద్దరూ లారీల మీద ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే, తోడికోడళ్ళిద్దరూ ముందుగదిలో బల్ల వేసుకుని బొచ్చుగుడ్డతో బొమ్మలు చేసేవారు. అవి ఆషామాషీ బొమ్మలు కావు. మెడ తిరుగుతుంది, చేతులు లేస్తాయి, కాళ్ళు ముడుచుకుంటాయి. ప్రతి కీలు లోపలా రెండు చెక్కబిళ్ళలు, వాటి మధ్య ఒక బోల్టు. నట్టు వదులైతే చెయ్యి వేలాడిపోతుంది, మరీ బిగిస్తే పసిపిల్లల బలానికి తిరగదు. ఆ కిటుకు పెద్దకోడలి వేళ్ళకు తెలుసు.

మొహం సంగతి మాత్రం చిన్నదానికే తెలుసు. చెవులు కాస్త కిందికి దింపితే అమాయకత్వం వస్తుంది, కళ్ళు దగ్గరగా పెడితే పెంకితనం. గాజుకళ్ళకు కట్టిన దారాన్ని తల వెనక్కి ఎంత లాగి ముడేస్తే చూపుకు అంత లోతు. ఆమె పద్ధతి ఒకటే. ఎదురుగా అద్దం పెట్టుకుని, బొమ్మకు ఏ మొహం కావాలో ఆ మొహం తాను పెట్టేది. అలిగిన ఎలుగుబంటి కావాలంటే తానూ మూతి ముడుచుకుని కుట్టేది. "అదుగో, చిన్నదానికి పూనకం వచ్చింది" అని తోడికోడలు పెద్దావిడ నవ్వేది.

అలాంటి మనిషికి ఒకరోజు పొద్దున్నే నోరు పుక్కిలిస్తుంటే నీళ్ళు ఒక పక్కనుంచి కారిపోయాయి. చూసుకుంటే మూతి ఎడమవైపుకు లాక్కుపోయి ఉంది. కుడికన్ను మూతపడటం లేదు. ప్రాణానికేం భయం లేదనీ, మొహంలో నరం వాచిందనీ, తగ్గడానికి నెలలు పట్టొచ్చనీ, కాస్త వంకర మిగిలిపోయినా పోవచ్చనీ డాక్టరు చెప్పాడు. ఇంటికొచ్చి ఆమె అద్దాన్ని గోడవైపు తిప్పేసింది. తానూ గోడవైపు తిరిగి పడుకుంది.

పని మొత్తం పెద్దావిడ నెత్తిన పడింది. కత్తిరించడం, కుట్టడం, దూది కూరడం, బోల్టులు బిగించడం, వంట, గిన్నెలు, చిన్నదాని కంట్లో మందు చుక్కలు, చివరికి మొహాలు కూడా. మైనం పూసిన దారం లాగీ లాగీ చూపుడువేలు కోసుకుపోయింది. మంచం ఎక్కితే నిద్ర పట్టేది కాదు, సూది పట్టుకుంటే కునుకు వచ్చేది. అలుపు ఆమెకు కొత్తేమీ కాదు గానీ ఈ అలుపు వేరు. పొద్దున్న లేస్తూనే సాయంత్రమైపోయినట్టుండేది.

సరుకు తీసుకెళ్ళే షాపాయన వచ్చి, బల్ల మీద వరసగా కూర్చోబెట్టిన బొమ్మలను చూసి మెడ గోక్కున్నాడు.

"ఏంటక్కా ఇవి? ఒక్కదానికీ ఉలుకూ పలుకూ లేదు. బంగాళాదుంపలకి కళ్ళు పెట్టినట్టున్నాయి. చిన్నమ్మేది?"

"ఒంట్లో బాగోలేదు బాబూ."

"అయితే ఆవిడ లేచాకే పంపండి. వీటిని చూసి పిల్లలు ఏడుస్తారో లేదో గానీ, నేను మాత్రం ఏడుస్తా."

తెచ్చిన సంచీ ఖాళీగానే మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

పెద్దావిడ లోపలిగది గుమ్మం పట్టుకుని నిలబడింది. "విన్నావా?"

"విన్నాను" అంది చిన్నది, గోడతోనే చెబుతున్నట్టు.

"మరి లేస్తావా?"

"ఈ మొహంతోనా? అన్నీ వంకరమూతులే వస్తాయి. చూసి కుట్టడానికి నాకు మొహమేదక్కా?"

"నాకు మాత్రం ఏదే? నాతో చెప్పుకుంటావేం, రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు! వంకరైతే వంకర. పోయింది మూతేగా, చేతులు కాదుగా!"

అనేశాక నాలుక కరుచుకుంది. కానీ అన్నమాట వెనక్కి రాదు. చిన్నది లేచి, ముందుగదిలోకి వెళ్ళి, కుట్టని తల ఒకటి తీసుకుని అద్దాన్ని ఈడ్చి తనవైపు తిప్పుకుంది. సూది గుచ్చుతున్న తీరు చూస్తే అది బొమ్మో, పెద్దావిడో తెలియలేదు. అక్కడ ఉండలేక పెద్దావిడ వంటింట్లోకి తప్పుకుని, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

చాలాసేపటికి చిన్నది వచ్చి గట్టు మీద ఆ తల పెట్టింది. "ఇదుగో. వంకర కావాలన్నావుగా."

మూతి ఓ పక్కకు లాగి ఉంది. ఒక కన్ను పెద్దగా తెరుచుకుని, రెండోది సగం మూసుకుని, 'నీ సంగతి నాకు తెలుసులే' అన్నట్టు చూస్తోంది. పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వు ఆగలేదు.

"ఒసేయ్, ఇది నువ్వు కాదే. అత్తయ్య! మనం ఊడ్చాక మూలలు వెతికేదే, అచ్చం అలా!"

చిన్నది కూడా తల వంచి చూసింది. పోయిన అత్తగారు చీపురు పట్టుకుని ఎదురుగా నిలబడ్డట్టే ఉంది. ఆమె గొంతులోంచి నవ్వు తన్నుకొచ్చింది, సగం నోటితోనే. గబుక్కున చెయ్యి అడ్డం పెట్టుకుంటే పెద్దావిడ ఆ చెయ్యి లాగేసింది.

"మూసుకోకు. ఇక్కడ నేను తప్ప ఎవరున్నారు?"

మూతపడని కంట్లోంచి నీళ్ళు ధారగా కారాయి. అది నవ్వో ఏడుపో ఇద్దరికీ తెలియలేదు, ఇద్దరూ అడగలేదు.

మర్నాడు చిన్నది బల్ల దగ్గర కూర్చుంది గానీ సూది ఎత్తలేదు. "అన్నీ అత్తయ్యలనే చేస్తే కొనేదెవరు? నువ్వు కూర్చో అక్కా. నీ మొహం చూసి కుడతా."

"నేనా? అవతల వంట..."

"కాసేపు ఆగుతుందిలే."

"పోనీ, నవ్వనా?"

"వద్దు. ఉన్నట్టు ఉండు."

పెద్దావిడ కుర్చీలో కూర్చుని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో పెట్టుకుంది. తన మొహం వంక ఎవరైనా అంతసేపు చూసి ఎన్నేళ్ళయిందో ఆమెకు గుర్తు లేదు. మొదట సిగ్గేసింది. తర్వాత భుజాలు దిగాయి. ఆ తర్వాత ఏమైందో తెలియదు, చిన్నది లేపేదాకా.

అలా పుట్టిన ఎలుగుబంట్లకు రెప్పలు సగానికి దిగి ఉన్నాయి. మెడ నట్టు కాస్త వదులు చేయించడంతో గడ్డం గుండె మీదికి వాలుతోంది. షాపాయన ఒకదాన్ని ఎత్తి అటూ ఇటూ తిప్పాడు. "ఇదేంటమ్మా, డ్యూటీ దిగి బస్సులో కూర్చున్నట్టుంది?" అంటూనే సంచీలో వేసుకున్నాడు. కొన్ని అమ్ముడుపోయాయి, కొన్ని తిరిగొచ్చాయి. ఎక్కువగా పెద్దవాళ్ళే కొంటున్నారట, ఎవరికోసమని అడిగితే మొహమాటపడుతున్నారట. వంకరమూతి అత్తయ్యను కూడా ఇమ్మని అడిగాడు గానీ వీళ్ళు ఇవ్వలేదు.

చిన్నదాని మూతి మెల్లమెల్లగా సర్దుకుంది. నవ్వినప్పుడు మాత్రం కాస్త వంకర మిగిలింది. తన మొహం తనకు తిరిగొచ్చినా, మధ్యాహ్నం అయ్యేసరికి పెద్దావిడను కుర్చీలో కూర్చోబెట్టడం మానలేదు.

"కదలకు అక్కా."

"కదలడం లేదే" అంటూనే ఆవిడ కళ్ళు వాలిపోయేవి. చిన్నది సూది గుడ్డకు గుచ్చి, చప్పుడు కాకుండా లేచి, పొయ్యి మీద మరుగుతున్న నీళ్ళు దించి వచ్చి, మళ్ళీ కూర్చునేది.