ఆరో శాలువా

కోల్‌కతాలో ఒక క్లబ్బుకి పదకొండేళ్లు ఫుట్‌బాల్ ఆడి, మోకాలు పోయి ఇంటికొచ్చినవాణ్ణి నేను. నరసన్నపేటలో దిగిన రోజు పలకరించిన నాథుడు లేడు. నాలుగేళ్లుగా ఇక్కడి ఆడపిల్లలకు ఆట నేర్పుతున్నాను. గోల్‌పోస్టులు ఇప్పించండి బాబూ అని బట్టల కొట్టు జగన్నాధాన్ని అడిగాను. ఊళ్లో సన్మాన సంఘానికి ఆయనే అధ్యక్షుడు. "సూద్దాం" అన్నాడు. నాలుగేళ్లూ అదే మాట. చివరికి మేమే వెదురు గెడలు పాతుకున్నాం.

నిన్న మా జట్టు పిల్ల కుమారి ఆట చూడడానికి రాష్ట్ర జట్టు సెలెక్టర్ అనూరాధగారు విజయనగరం నుంచి వచ్చారు. అయిదున్నరకి ఆవిడ తిరుగు బస్సు. ఈ కబురు తెలియగానే సంఘానికి నా మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ఆవిడ ఎదుట నాకు సన్మానమట! మూడింటికి మైదానానికి వెళ్లి చూద్దును కదా, మా గెడలు పీకేసి షామియానాకి కట్టేశారు.

ఒళ్లు మండిపోయింది. పావుగంటలో ముగిస్తామంటే పళ్లు బిగించి కూర్చున్నాను. మన సన్మానాలు పావుగంటలో ఎప్పుడు ముగిశాయి కనక? శాలువా మీద శాలువా, అన్నీ జగన్నాధం కొట్లోవే. ఒకాయనైతే నేను క్రికెట్‌కి పేరు తెచ్చానన్నాడు! బూట్లు కట్టుకుని ఎండలో నిలబడ్డ కుమారి నన్నే చూస్తోంది. అయిదు కావస్తోంది. అనూరాధగారు వాచీ చూసుకున్నారు.

ఆరో శాలువా కప్పబోతుంటే లేచిపోయాను.

"ఏటి ప్రమోదూ, మద్దెలో లెగిసిపోతన్నావు? ఇంకా పెద్దోలు మాటాడాల!" అన్నాడు జగన్నాధం.

"నాను ఆడిన్నాడు ఒక్కడూ సూడ్డానికి రాలేదు. ఇప్పుడీ పిల్ల ఆటకి అడ్డం పడతారేటి? లెగు మావా, ఆ కుర్సీ ఇలాగియ్యి!"

ఆయన ఎర్ర మఖమల్ కుర్చీ, నాదీ ఈడ్చుకెళ్లి ఒకదానికొకటి ఎనిమిది అంగల దూరంలో వేశాను. అదే గోలు. విజిల్ ఊదాను.

కుమారి ఇరవై నిమిషాలు ఆడింది. మూడుసార్లు బంతి ఆ కుర్చీల మధ్య నుంచి దూసుకుపోయింది. అనూరాధగారు పేరు రాసుకుని, "విజయవాడ క్యాంపుకి పంపండి" అని బస్సుకి పరుగెత్తారు.

వెనక్కి తిరిగేసరికి మైకులో "మన సంఘం తయారుచేసిన ఆణిముత్యం" అని వినబడుతోంది. ఆరో శాలువా పట్టుకుని జగన్నాధం కుమారి వైపు నడుస్తున్నాడు. సిగ్గులేని మనిషి! అడ్డంగా నిలబడ్డాను.

"ముందు మా గెడలు పాతించు మావా. శాలువా సంగతి తరవాత సూద్దాం."