ఘాట్ రోడ్డెక్కిన జలుబు మాత్ర

నేను ఒక జలుబు మాత్రను. రంగు పసుపు, ఒళ్ళంతా చేదు. నా ఒక్కదాని కడుపులోనే మూడు మందులున్నాయి: ఒకటి జ్వరానికి, ఒకటి మూసుకుపోయిన ముక్కుకి, ఒకటి తుమ్ములకి. ఫ్యాక్టరీలో యంత్రం మమ్మల్ని టపటపా అచ్చుకొట్టి, వెండి రేకులో వరసగా పడుకోబెట్టి సీలు వేసింది. రేకు వెనక మా గుణగణాలన్నీ అచ్చువేశారు, చీమ తలకాయంత అక్షరాల్లో. తుమ్ములాపే మందు నిద్ర తెప్పిస్తుందనీ, మింగాక బండి నడపకూడదనీ అక్కడే ఉంది. మనుషులు కంపెనీ పేరు పెద్దగా, ప్రాణం మీదికొచ్చే సంగతి చిన్నగా రాస్తారు. అదేం తిక్కో నాకు తెలియదు.

విజయనగరంలో మందుల షాపుకొచ్చిన సన్యాసమ్మగారు "నాలుగు చాలు బాబూ" అన్నారు. కత్తెర కసుక్కుమంది. హెచ్చరికలన్నీ షాపులో ఉండిపోయాయి. మేం నలుగురం సగం పేరుతో ఆవిడ చేతిసంచిలో పడ్డాం. అయినా నాకు దిగులు లేదు. మాత్ర జన్మ ఎత్తాక ఎవరో ఒకరు మింగడమే కదా మోక్షం! ఎప్పుడెప్పుడా అని ఉబలాటపడుతూ కూర్చున్నాను.

మర్నాడు ఉదయం ఆవిడ చెల్లెలి కూతురు హిమబిందు పెళ్ళికి బస్సు బయల్దేరుతోంది. పెళ్ళి అబ్బాయి వాళ్ళ ఊళ్ళో, అరకులో. డ్రైవరు పైడిరాజు తాళం తిప్పి, "హాచ్!" అని తుమ్మాడు. బస్సంతా ఉలిక్కిపడింది. పెళ్ళికూతుర్ని తీసుకెళ్తూ తుమ్ముతో బయల్దేరడమా! అందరూ దిగారు, నీళ్ళు తాగారు, కాసేపు కూర్చుని మళ్ళీ ఎక్కారు. పైడిరాజు తాళం తిప్పాడు. "హాచ్!" మళ్ళీ దిగారు. మూడోసారికి ఒక తాతగారు విసుగెత్తి మెట్టు మీదే బైఠాయించారు. ముహూర్తం చూస్తే ఆ సాయంత్రమే, బస్సు చూస్తే వీధి మలుపు కూడా దాటలేదు.

"ఏటి నాయనా, నీ ముక్కు మా పిల్ల పెళ్ళాపీసేలాగుంది!" అన్నారు సన్యాసమ్మగారు.

"ఏటి సేత్తానమ్మా, జలుబట్టీసింది. ఇందాకే జొరం బిళ్ళ కూడా ఏసుకున్నాను."

జ్వరం బిళ్ళా! ఓరి దేవుడా, నాలో ఉన్నదీ అదే మందు! అరిచాను. మాత్రల అరుపు ఎవరికి వినిపిస్తుంది?

"అది తెల్లబిళ్ళ, జొరానికి. ఇది పసుపుబిళ్ళ, జలుబుకి. రెండూ వేరు" అని ఆవిడ తేల్చేశారు. ఆవిడ దృష్టిలో రంగు మారితే మందు మారినట్టే. పైగా తాను రుచి చూడనిదే ఎవరికీ ఏదీ పెట్టని మనిషి. "నాకూ ముక్కు కారతంది, ఇదిగో చూడు" అంటూ మా అక్కను గుటుక్కున మింగి, నన్ను రేకుతో సహా చింపి పైడిరాజు చేతిలో పెట్టారు.

"పరగడుపున ఒద్దమ్మా, ఎస్.కోటలో టీ తాగి ఏసుకుంటాను" అని అతను నన్ను చొక్కా జేబులో వేసుకున్నాడు.

మరి బస్సు కదిలేదెలా? దానికీ ఉపాయం ఆవిడే చెప్పారు. వినపడని తుమ్ము తుమ్మే కాదట! తాళం తిప్పే క్షణానికి ఆడవాళ్ళందరూ కలిసి పెళ్ళిపాట ఎత్తుకున్నారు, కిటికీలు అదిరేలా. పైడిరాజు ఆ గోలలో తుమ్మాడో లేదో అతనికే తెలియదు. బస్సు కదిలింది.

దారి పొడుగునా పాట సన్యాసమ్మగారిదే. వియ్యపురాలి నడకను వెక్కిరించారు, వంటను వెక్కిరించారు, జడను వెక్కిరించబోతూ ఆవలించారు. పాట సాగింది, సాగింది, సాగి ఆగిపోయింది. తల వెళ్ళి హిమబిందు భుజం మీద పడింది.

ఎస్.కోటలో బస్సాగింది. అవతల నుంచి ఘాట్ రోడ్డు: ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. పైడిరాజు టీ తాగి నన్ను జేబులోంచి తీశాడు. నేను కలలుగన్న ఘడియ వచ్చింది, కానీ నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. అవి లేవనుకోండి! వద్దురా నాయనా, నన్ను మింగకు, వెనక బస్సెడు జనం ఉన్నారని గింజుకున్నాను. అంత భయం నేనెప్పుడూ పడలేదు.

"పెద్దమ్మ లేవట్లేదు!" అని హిమబిందు బాసికంతో, పారాణితో పరిగెత్తుకొచ్చింది.

పైడిరాజు బస్సులో గుర్రు పెడుతున్న ఆవిడను చూశాడు. చేతిలో ఉన్న నన్ను చూశాడు. నన్ను గుప్పిట్లో పట్టుకుని ఎదురుగా ఉన్న మందుల షాపుకు నడిచాడు. హిమబిందు వెంట నడిచింది.

షాపాయన నా సగం పేరు చూసే గుర్తుపట్టాడు, వాళ్ళిద్దరూ చెప్పిందంతా విన్నాడు. "ఆవిడకి బీపీ ఉందా? ఇందులో ముక్కు మందు బీపీ పెంచుతుంది" అని ముందు అడిగాడు. లేదని తెలిశాక, వెళ్ళి భుజం తట్టి లేపాడు. ఆవిడ ఒక కన్ను తెరిచి, "పాటెవులాపీసినారు?" అని గదమాయించి మళ్ళీ నిద్రపోయారు.

"పరవాలేదు, నిద్రే. ఈ మాత్ర గుణమే అది. డ్రైవింగు చేసేవాడికి ఇస్తారా ఎవరైనా? పైగా జొరం బిళ్ళ వేసుకున్నావు, ఇందులోనూ అదే ఉంది. మీద మీద వేసుకుంటే కాలేయానికి ముప్పు. ఆవిరి పట్టుకో. స్టీరింగు పని అయ్యాకే దీని ముఖం చూడు."

ముఖం చూడొద్దన్నందుకు అంత ఆనందపడ్డ మాత్ర లోకంలో మరొకటి ఉండదు!

టీకొట్టు వాడిచ్చిన వేణ్ణీళ్ళతో ఆవిరి పట్టి పైడిరాజు బండెక్కాడు. తుమ్ము వచ్చేలా ఉంటే చాలు, బస్సు పక్కకు తీసి ఆపేవాడు. జనం ఊపిరి బిగబట్టేవారు. "హాచ్!" బస్సంతా చప్పట్లు! తాతగారైతే ఈలవేశారు. అలా తుమ్ముతూ, నవ్వుతూ అరకు చేరాం. ముహూర్తానికి తాళి పడింది.

బస్సు పక్కనే వేసిన భోజనాల పందిట్లో సన్యాసమ్మగారు హిమబిందును పట్టుకున్నారు. "నా బిళ్ళ ఆ డ్రైవరు బాబు మింగినాడా?"

"నువ్వు ముందు మింగావు కాబట్టి ఆయన మింగలేదు పెద్దమ్మా. మింగుంటే మనం లోయలో ఉండేవాళ్ళం" అని, షాపాయన చెప్పిన జాగ్రత్తలన్నీ హిమబిందు అప్పజెప్పింది.

ఆవిడ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెయ్యి కడుక్కుని నేరుగా బస్సు దగ్గరికి వచ్చారు. పైడిరాజు ముక్కు మిరపపండులా ఎర్రబడి ఉంది.

"జొరం బిళ్ళ మళ్ళీ ఏసుకున్నావేటి?"

"లేదమ్మా, పొద్దుటిదే."

"బండి మళ్ళీ ఎప్పుడు తీత్తావు?"

"రేపు మద్దేనం."

"మందేటైనా తాగినావా?"

"సీ, లేదమ్మా!"

"అయితే ఇప్పుడు మింగి పడుకో. ఒక్కటే."

అతను నన్ను అరచేతిలోకి తీసుకుని నోరు తెరిచాడు. అంతలోనే ముఖం వంకర్లు పోయింది. ఆవిడ ముందే తుమ్మకూడదని పాపం ముక్కు పట్టుకున్నాడు.

"వొదిలీ నాయనా, తుమ్మీ" అన్నారు సన్యాసమ్మగారు.

"హాచ్!"

"చిరంజీవ" అని ఆవిడ అతని తల నిమిరి, నీళ్ళగ్లాసు అందించారు.