ఇట్టో తాగిన నీళ్ళు

పరాయి ఆడపిల్లలు మూత్రం పోస్తుంటే కళ్ళార్పకుండా చూడటం నా ఉద్యోగం. మా అమ్మ ఇప్పటికీ ఇరుగుపొరుగుకు నేను నర్సునని చెబుతుంది. చెప్పుకోనీ. పందేల్లో గెలవడానికి మింగే దొంగ హార్మోన్లు బయటపడేది వాళ్ళు నింపిచ్చే సీసాల్లోనే, నాకేం సిగ్గు లేదు.

రంజాన్ చివరి వారంలో, మిట్టమధ్యాహ్నం, కొండ మీది ఊరు ఇఫ్రాన్‌లో పరుగుల మైదానానికి వెళ్ళాను. ఆ రోజు పరీక్ష ఇట్టో అనే పరుగుల పిల్లకి. నన్ను చూడగానే ఆమె కోచ్ బెనాస్సర్ అడ్డం వచ్చాడు.

"అక్కా, పిల్ల ఉపవాసంలో ఉంది. తెల్లారుజాము నుంచి చుక్క నీళ్ళు ముట్టలేదు. ఇంక నీ సీసాలోకి ఏం వస్తుంది? పొద్దున్నే నేనే తీసుకొస్తాలే."

రాత్రంతా సెలైన్ ఎక్కించి మందుల జాడ కడిగేస్తే పొద్దున్న నాకు దొరికేది మంచినీళ్ళే.

"కదిలిందంటే పరీక్షకు ఒప్పుకోలేదని రాస్తా. నాలుగేళ్ళు పరుగు బంద్. పొద్దుగూకేదాకా ఇక్కడే కూర్చుంటా, నాకేం తొందర లేదు."

"చూశారా! నా దగ్గర పరుగు నేర్చుకునే ఆడపిల్లలు నలుగురూ నెలంతా ఒక్క రోజు తప్పకుండా ఉపవాసం ఉన్నారు. ఈవిడకి దేవుడి భయమే లేదు!" అని గొంతు పెంచాడు.

మైదానంలోని మగాళ్ళంతా మూగారు. ఇట్టోతో పరుగెత్తే మిగతా ముగ్గురు పిల్లలూ గట్టున నిలబడి చూస్తున్నారు. "నువ్వసలు ముసల్మానువేనా?" అన్నాడొకడు. ఆ సందట్లో కోచ్ ఇట్టో చెయ్యి పట్టుకుని కారు వైపు లాగాడు. ఆ కారెక్కితే ఆమె పరుగు అంతటితో సరి. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

ఇట్టో చెయ్యి విదిలించుకుంది. నా సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, మూత విప్పి, అందరూ చూస్తుండగా గటగటా తాగేసింది.

"ఏంటే ఇది!" అని కోచ్ అరిచాడు.

"నాకు మొన్నటి నుంచి ఉపవాసం లేదు. నెలసరి వచ్చింది."

మగాళ్ళ తలలు నేలకు దిగాయి.

"సిగ్గు లేదూ?"

"సిగ్గెందుకు కోచ్? అదిగో, నీ మాత్రలు మింగిన ఆ యామ్నాకి ఇది ఆగిపోయింది. నేను ఒక్కటీ మింగలేదు. కావాలంటే నీ కిటికీలో పూలకుండీ తవ్వి చూసుకో."

కోపంలో నాకు అంతవరకూ తట్టనే లేదు. నెలసరి రోజుల్లో ఉపవాసం ఉండకూడదు కదా, మరి ఈడొచ్చిన పిల్లలు నలుగురికి నలుగురూ ఒక్క రోజూ తప్పలేదని అతను అనడమేంటి? మగాడు కాబట్టి అదేదో గొప్పనుకుని చాటుకున్నాడు. అంతంత దూరాలు పరుగెత్తేవాళ్ళకు నెలసరి ఆగిపోవడం ఉన్నదే, అది రుజువు కాదు. రుజువు సీసాల్లో ఉంటుంది.

"పద ఇట్టో," అన్నాను. తర్వాత మిగతా పిల్లల వైపు తిరిగాను. "మీరు ముగ్గురూ కూడా కదలొద్దు. నా దగ్గర ఖర్జూరాలున్నాయి. పొద్దుగూకాక తిని, నీళ్ళు తాగి, అప్పుడే ఇద్దురుగాని."

కోచ్ కారు స్టార్ట్ చేసి, "యామ్నా, ఎక్కు!" అని కేకేశాడు.

యామ్నా అటు చూడనైనా చూడకుండా వచ్చి నా సంచి పక్కన కూర్చుంది.