అరగని వాషరు

టప్.

మధ్యలో ఒక చిక్కుడుకాయకి ఈనె తీసేంత వ్యవధి.

టప్.

పెరటి గోడకున్న కుళాయి పదకొండేళ్ళు అలాగే కారింది. వంటింట్లో ఉన్నా వినపడేది, బట్టలు ఆరేస్తున్నా వినపడేది. చుక్క పడినప్పుడల్లా ఆమెకి ప్రాణం ఉసూరుమనేది.

నీళ్ళంటే ఆమెకి అంత ప్రాణం మరి. రోజు మార్చి రోజు వచ్చే నీళ్ళు, అదీ గంటసేపు. ట్యాంకులో పట్టినవే మళ్ళీ వచ్చేదాకా. కూరలు కడిగిన నీళ్ళు పూలకుండీలకి. బట్టలు జాడించిన నీళ్ళు గచ్చు కడగడానికి. ఆ గచ్చు కడిగిన నీళ్ళయినా ఎటు పోతున్నాయో వెళ్ళి చూసొచ్చేది. ఎవరైనా గ్లాసులో సగం తాగి వదిలేస్తే, ఆమె చూసే చూపుకి వెనక్కొచ్చి మిగతా సగమూ తాగి వెళ్ళేవాళ్ళు.

అలాంటి ఇంట్లో కారే కుళాయి!

అదీ ఎవరింట్లో... ప్లంబరింట్లో. ఊళ్ళో సగం కుళాయిల నోరు మూయించింది ఆమె భర్తే. సొంత పెరట్లో దాని జోలికి మాత్రం పోయేవాడు కాదు.

"ఎప్పుడు బాగుచేస్తారండీ?"

"రేపు."

"పోనీ ఇంకెవర్నైనా పిలవనా?"

"ప్లంబరింటికి ఇంకో ప్లంబరా? నా పరువేం కావాలి!"

మీసం చాటున నవ్వేవాడు. ఆ నవ్వుకి ఆమెకి ఇంకా ఒళ్ళు మండేది.

కుళాయి కింద బకెట్ పెట్టేది. గంటాగి వచ్చి చూస్తే బకెట్ జానెడు పక్కకి జరిగి ఉండేది. పిల్లి పని అనుకునేది. ఖాళీ బకెట్‌తో పిల్లికేం పనో ఆలోచించలేదు.

చుక్కలు వేలెడు వెడల్పు గాడిలోంచి నిమ్మచెట్టు మొదట్లోకి పోయేవి. చెట్టు ఆయన నాటిందే. దానికి ఎవరైనా చెంబెడు నీళ్ళు పోసినట్టు గుర్తు లేదు. అయినా విరగకాసేది. మొండిచెట్టు, నాలాగే పొదుపు తెలిసిన చెట్టు — అని ఆమె మురిసిపోయేది.

పోయిన చలికాలం ఆయనకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. మాటలూ పోయాయి... ఒక్కటి తప్ప.

"రేపు."

ఆకలేస్తోందా అంటే, రేపు. నొప్పిగా ఉందా అంటే, రేపు. మొదటిసారి విన్నప్పుడు ఆమెకి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

పొద్దున్నే కుర్చీలో కూర్చోబెడితే పెరటివైపే చూస్తూ ఉండేవాడు.

ఎండలు ముదిరాయి. మిద్దె మీద ట్యాంకు అడుగంటింది. ఇక లాభం లేదని, ఆయనతో జోడీగా పనిచేసిన బక్కాయన్ని పిలిచింది. పది నిమిషాల పని. పాత వాషరు తీశాడు, కొత్తది వేశాడు, వెళ్ళిపోయాడు.

నిశ్శబ్దం.

పదకొండేళ్ళ కోరిక తీరింది. సంతోషంగా ఉండాలి కదా? చెవులు ఊరికే ఎదురు చూసేవి. ఒక చిక్కుడుకాయ ఈనె తీశాక, రెండోదాని మీద చెయ్యి ఆగిపోయేది.

మూడో వారానికి నిమ్మచెట్టు ఆకు రాల్చడం మొదలుపెట్టింది. ఆయన ముద్ద మింగడం తగ్గించాడు. ఏది ముందో, ఏది తర్వాతో ఆమెకి గుర్తు లేదు.

బట్టలు జాడించి దాచిన నీళ్ళలోంచి చెట్టుకి బకెట్ పోసింది. ఆకులు పసుపురంగుకి తిరిగాయి. పోయడం మానేసింది. కొసలు ఎండిపోయాయి. ఎక్కువైందా? తక్కువైందా? సబ్బునీళ్ళు పడలేదా? చెట్టుకి నోరు లేదు. నోరున్న మనిషికి ఒక్కటే మాట.

ఒకరోజు బక్కాయన స్నేహితుణ్ణి చూడటానికి వచ్చాడు. వెళ్ళబోతూ సంచిలోంచి చిన్న రబ్బరు బిళ్ళ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"మీ పాత వాషరు వదినా. ఆ రోజే చెబుదామనుకున్నా, నోరు రాలేదు. ఇది అరిగింది కాదు. ఏడాది క్రితం వేసిందేమో. ఇదిగో, ఇక్కడ... బ్లేడుతో గాటు పెట్టారు."

"ఎవరు పెడతారయ్యా?"

"నాకేం తెలుసు వదినా." కుర్చీవైపు చూశాడు. "ఇంత సన్నగా కోసే చెయ్యి ఈ ఊళ్ళో ఒక్కటే ఉండేది."

బక్కాయన వెళ్ళిపోయాడు. ఆమె గాటు మీద గోరు పెట్టి చూసింది. ఏడాది క్రితంది అంటే... పదకొండేళ్ళలో ఇలాంటివి ఎన్ని? అంత తిన్నని గాడి నీళ్ళంతట నీళ్ళే తవ్వుకున్నాయా? బకెట్ జరిపింది పిల్లేనా?

కుర్చీ ముందు చతికిలబడింది.

"మీరే కోశారా?"

"రేపు."

"చెట్టు కోసమా?"

"రేపు."

"నాతో ఒక్క మాట చెబితే ఏం పోయేదండీ? పదకొండేళ్ళు తిట్టించుకున్నారే!"

ఆయన కళ్ళు తడిశాయి. నవ్వో, ఏడుపో. కదిలే సగం ముఖంలో ఏదీ పూర్తిగా కనపడలేదు.

ఆమెకి కోపం వచ్చింది. చెప్పి ఉంటే తనే పోసేది కదా! పోసేదా... కొలిచి పోసేది. ఇవాళ పోశాం కదా, ఎల్లుండి చూద్దాం అనేది. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసే చెప్పలేదా? లేక చెట్టు కోసం కాదేమో... ఆ చప్పుడంటే ఇష్టమేమో. తన తిట్లంటేనే ఇష్టమేమో. ఏదీ తేలలేదు. బుర్రంతా చిక్కుపడిన దారపుండలా ఉంది.

మర్నాడు పొద్దున్నే ట్యాంకు దగ్గర నీళ్ళు కట్టేసింది. పానా తీసుకుంది. ముప్పై ఏళ్ళు ఆయనకి పనిముట్లు అందించిన చెయ్యి, అందుకని తడుముకోలేదు. కొత్త వాషరు తీసి, గాటున్నది బిగించింది. నీళ్ళు వదిలింది.

టప్.

కుర్చీలో ఆయన తల ఇటు తిరిగింది.

ఆమె చెయ్యి అలవాటు కొద్దీ బకెట్ అందుకుంది. వంగింది... ఆగింది. ట్యాంకులో నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు. చెట్టుకి మిగిలింది ఒక్క కొమ్మ, నాలుగాకులు. బతుకుతుందో లేదో. ఇప్పుడు చేస్తున్నది తప్పో, అప్పుడు చేయించింది తప్పో.

"రేపు" అన్నాడాయన.

ఆమె కుర్చీవైపు తల తిప్పింది.

టప్.

బకెట్ పట్టుకుని ఆమె అలాగే నిలబడింది. మధ్యలో... ఒక చిక్కుడుకాయకి ఈనె తీసేంత వ్యవధి.