నాయన పడిన చోటు

నర్సు ఉద్యోగానికి జర్మనీ పోవాలని రోజూ పొద్దున ఫోన్లో జర్మన్ పాఠాలు వింటున్నాను. ఆ రోజు మేడమ్ 'కాసుస్' అనే మాట చెప్పింది. లాటిన్‌లో దానికి పడిపోవడం అని అర్థమట. జర్మన్ వ్యాకరణంలో అదే విభక్తి అయింది. ఇంగ్లీషులో కేస్ అయి, అక్కడి నుంచి మన దగ్గరకొచ్చి పోలీస్ స్టేషన్లో కూర్చుంది. ఆసుపత్రిలో మాకు రోగి కూడా కేసే. ఎన్ని ఊళ్ళు తిరిగిందో ఈ మాట అని నవ్వుకుంటూ, ప్రొద్దుటూరులో నేను పనిచేసే ఆసుపత్రికి డ్యూటీకి వెళ్ళాను.

పదకొండింటికి "నిస్సీ, ఒక కేసొచ్చింది" అని పిలిచారు. పోయి చూద్దును కదా, స్ట్రెచర్ మీద మా నాయన ఏసేపు. ఎర్రగుంట్ల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీ. చెవిలోంచి రక్తం కారుతోంది, తల మాత్రం శుభ్రంగా కడిగి ఉంది. ఆదివారం చర్చిలో తప్ప ఆయన జుట్టును సిమెంటు దుమ్ము లేకుండా నేనెప్పుడూ చూడలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ ఫ్యాక్టరీలో ఎవరు పడినా ఇంతే, ఆనవాలు మిగలనివ్వరు. ముందు కుళాయి కింద కడుగుతారు, గేటు పాసు తీసేస్తారు, చొక్కా మారుస్తారు. ఆ తర్వాతే ఆసుపత్రి.

నాయనను తీసుకొచ్చిన ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ ఓబుళేశు నన్ను పక్కకు పిలిచాడు. "ఇంట్లో మిద్దె మీంచి పడినాడని రాయమ్మా. ఫ్యాక్టరీ పేరొస్తే కేసయితాది. మీ శామ్ కూడా మా కిందనే చేస్తాండాడు కదా, వాని పని పోతాది."

శామ్ నా తమ్ముడు. తడిసిన చొక్కాతో గోడకానుకుని నిలబడ్డాడు. నాయనను కడిగింది వాడే. నా మొహంలోకి చూడలేదు.

మాది రేకుల ఇల్లు. మిద్దె ఎక్కడిది? అయినా రిజిస్టరులో మిద్దె అనే రాశాను. రాస్తున్నంతసేపూ నా మీద నాకే అసహ్యం వేసింది.

రెండింటికి నాయన పోయాడు. నాలుగింటికి కానిస్టేబుల్ వచ్చాడు. మా అమ్మ విశ్వాసమ్మ అప్పుడే బస్సు దిగి ఏడుస్తూ వచ్చింది. ఏం రాశామో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"మీ ఆయన ఇంట్లో మిద్దె మీంచి పడినాడని ఈడ రాసుండారు. నిజమేనామ్మా?" అన్నాడు కానిస్టేబుల్.

అమ్మ ఏడుపు ఆపి నన్ను చూసింది. తర్వాత శామ్‌ను చాలాసేపు చూసింది. అబద్ధమాడితే మాకు అన్నం పెట్టని మనిషి. నిజం చెప్పెయ్యమ్మా అని లోలోపల మొక్కుకున్నాను.

"ఔ సార్" అంది అమ్మ. "ఎండబెట్టిన మిరపకాయలు తెమ్మని నేనే ఎక్కిస్తి."