చాందా ఆకాశంలో కాటుక చుక్క

రాజురా హైదరాబాద్ రాష్ట్రం వదిలి బొంబాయి రాష్ట్రంలో కలిసింది. ఊరు ఉన్నచోటే ఉంది గానీ, ఆ ఊరి ఆడబిడ్డ, పక్కనున్న చాందా పట్నం కోడలు గిరిజ బొమ్మలకు దారి తప్పింది. ఆమె గీసిన చాందా బజారు చిత్రాలను అంతకుముందు ప్రదర్శనలో పెట్టిన హైదరాబాదు వాళ్లు, ఇక మీ పుట్టిల్లూ ఆ రాష్ట్రానిదే కదా అని మర్యాదగా తప్పించుకున్నారు. నాగపూర్ ప్రదర్శన వాళ్లు ఒక్క బొమ్మ తెమ్మన్నారు, చూసి చెబుతామన్నారు. అదీ పోతే కుంచె అటకెక్కినట్టే.

వానాకాలమంతా కూర్చుని చాందా కోట జట్‌పురా దర్వాజా గీసింది. టాంగాలు, కూరగాయల గంపలు, బొగ్గు గని నుంచి నల్లగా తిరిగొస్తున్న మనుషులు. చాందా బాబుపేట్‌లోని తమ ఇంట్లో అత్త లస్మవ్వ సణుగుడు మాత్రం ఆగలేదు. అసలు దర్వాజా అక్కడ ఉండగా కాయితం మీద ఇంకోటి దేనికని ఆమె బాధ.

బయలుదేరే పొద్దున పక్కింటి గంగవ్వ బొమ్మలో తన గంపను గుర్తుపట్టింది. ఇంకేముంది, వాడంతా ఇంట్లోకి దిగి నోళ్లు తెరిచి చూసి పోయింది. గిరిజ బొమ్మకు గుడ్డ చుట్టబోతే, దర్వాజా పైన ఆకాశంలో కాటుక చుక్క.

"ఏం జేసినవత్తా?"

"గంతమంది కండ్లు పడ్డయి. చుక్క పెట్టకుంట పిల్లను ఊరికి పంపుతరా ఎవలన్న?" అంది లస్మవ్వ.

కాటుకలో ఆముదం ఉంటుంది. తుడిస్తే ఆకాశమంతా పాకుతుంది. రెండు రెక్కలు పెట్టు, కాకి అయితదని భర్త మొగిలి ఉపాయం చెప్పాడు. గిరిజ కుంచె తడిపింది. అత్త వేలికి కాటుక ఇంకా అట్లాగే ఉంది. ఇన్నాళ్లూ కాయితం అన్న మనిషి ఇవాళ పిల్ల అంది. గిరిజ కుంచె పక్కన పెట్టి గుడ్డ చుట్టేసింది.

నాగపూర్‌లో ప్రదర్శన పెద్దమనిషి ఆ మరక ఏమిటని అడిగాడు. దిష్టి తగలకుండా మా అత్త పెట్టిందని గిరిజ మరాఠీలో ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన అద్దాలు తీసి నవ్వాడు. బొమ్మను వచ్చేవాళ్లందరికీ కనబడేలా తలుపు పక్క గోడకు పెట్టించాడు.

ఆ తర్వాత గిరిజ చిత్రాలు పుణె దాకా, బొంబాయి దాకా పోయాయి. లస్మవ్వ చుక్క పెట్టనిది ఏదీ గడప దాటలేదు. ఒకసారి ఊర్లో వారసంత గీసి తొందరగా ముగించి, అత్త ముందు పెట్టింది. ముసలామె చాలాసేపు చూసి కాటుక డబ్బీ మూసింది.

"దీనికెవని దిష్టి తాకుతది? ఇంట్లనే ఉండనియ్."

గిరిజ ఆ బొమ్మను మళ్లీ తను గీసే పీట మీదికి ఎక్కించి కుంచె తడిపింది.