బొత్తాల డబ్బాలో గుమ్మడి గింజలు

వీధిలో అందరి నడుము కొలతలూ నోటికి చెప్పే దర్జీ, తన నడుము కింది బాధ మాత్రం ఎవరికీ చెప్పుకోలేకపోయాడు. అరవై దాటాక రాత్రికి ఐదుసార్లు లేవడం మొదలైంది. లేచినా ఏం లాభం, కాళ్లు పీకేదాకా నిలబడితే గానీ పని కాదు.

భార్యకు నిద్ర చెడుతుందని ఎనిమిది నెలల కిందట పరుపు తెచ్చి ముందుగది కొట్లో వేసుకున్నాడు. కుట్టుపని ఎక్కువగా ఉందని సాకు చెప్పాడు. ఆవిడ సరేనంది. వద్దని ఒక్క మాట అనకూడదా అని ఈయన బెంగ. పైకి అనడానికి సిగ్గు గానీ, ఆవిడ పక్కన పడుకోవాలని ప్రాణం కొట్టుకుపోయేది.

రాత్రుళ్లు కొట్లో దీపం వెలగడం చూసిన ఎదురింటి మంగలి, సంగతి కనిపెట్టి గడ్డం గీస్తూ వైద్యం చెప్పాడు. ప్రోస్టేట్‌కి గుమ్మడి గింజలు, నూనెలో మగ్గించిన టమాటాలు మూడు నెలలు తింటే చాలట. గొంతు మీద కత్తి పెట్టి చెప్పేవాడిని కాదనేదెవరు? టమాటాలంటే వంటింట్లో అడిగి వండించుకున్నాడు. గింజల్ని మాత్రం కోటు బొత్తాల డబ్బాలో దాచాడు. ఈ రోజుల్లో కోటు కుట్టించుకునేదెవరని ధీమా. నెల తిరక్కుండానే ఒకాయన కోటుకు కొలతలిచ్చాడు. బొత్తాలు కుట్టేది భార్యే.

మధ్యాహ్నం డబ్బా తీసి ఆవిడ ఒక గింజను వెలుతురుకు పెట్టి చూసింది. ఇవెక్కడివని మామూలుగానే అడిగింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, తనకే రోగమూ లేదన్నాడు దర్జీ. ఆవిడ డబ్బా మూత పెట్టి ఎదురుగా కూర్చుంది. ఇక దాచలేక అంతా చెప్పేశాడు.

"నేను అక్కర్లేకుండా పోయాననుకున్నానండీ" అంది ఆవిడ. కళ్లు తుడుచుకోలేదు, వెంటనే డాక్టరు దగ్గరికి బయల్దేరదీసింది.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు, చెడ్డదేమీ కాదు, వయసుతో వచ్చిన వాపేనన్నాడు. గింజలూ టమాటాలూ మంచి తిండే, నిక్షేపంగా తినమన్నాడు. కాకపోతే తిండి తిండే, మందు మందే అని మాత్రలు రాశాడు. వాడినా రాత్రికి ఒకటి రెండుసార్లు లేవక తప్పకపోవచ్చన్నాడు.

ఆ మాటతో దర్జీ మొహం వాడిపోయింది. పూర్తిగా నయమైతేనే లోపలి గదికి వెళ్లాలని ఆయన లెక్క. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ భార్యతో మెల్లగా అన్నాడు.

"ఇక కొట్లోనే పడుకుంటాలే. ఎన్నిసార్లు లేచినా నీకు నిద్ర చెడదు."

"ఎనిమిది నెలల్నించీ మీరు లేచినప్పుడల్లా కొట్టు తలుపు చప్పుడు వింటూనే ఉన్నాను" అంది ఆవిడ. "మళ్లీ వచ్చి పడుకునేదాకా నాకు కన్ను మూతపడితేగా."